పొలం గాలిమర: తిరగనివ్వాలా, కట్టేసి నిలబెట్టాలా?

తోటబాట:
అందరికీ నమస్కారం. ఒక విషయంలో మీ సలహా కావాలి, కాస్త పెద్దగానే రాస్తున్నాను.

ఊరి చివర రోడ్డు మలుపులో ఒక పాత పొలం గాలిమర ఉంది. నాలుగు కాళ్ల ఇనుప టవర్, పైన రేకు రెక్కల చక్రం, వెనక తోక. నీళ్లు తోడటం మానేసి చాలా ఏళ్లయింది గానీ దారి అడిగితే ఇప్పటికీ ఎవరైనా గాలిమర దాటాక కుడివైపు తిరగండి అనే చెప్తారు. ఈమధ్య ఆ పొలం చేతులు మారింది. కొన్నాయన దాన్ని పాత ఇనుముకి అమ్మేస్తాడేమోనని అందరం హడలిపోయాం. ఆయనేమో గాలిమరనీ దాని చుట్టూ కొంత జాగానీ ఇచ్చేస్తాను, మీరే చూసుకోండి అన్నాడు.

అసలు గొడవ ఇప్పుడు మొదలైంది. చక్రాన్ని టవర్‌కి వెల్డింగ్ చేసి, కదలకుండా చేసి, పైనుంచి కిందదాకా వెండిరంగు వేసి, లైట్లు పెట్టి చుట్టూ కంచె కట్టేద్దామని కమిటీలో ఎక్కువమంది అంటున్నారు. నాకు మనసొప్పడం లేదు. తిరగని గాలిమరని చూసి పిల్లలకి ఏం అర్థమవుతుంది? గాలికి నీళ్లు పైకెలా వచ్చేవో తెలియాలంటే అది తిరగాలి కదా. కానీ నాకు మెకానిక్ పని రాదు, మీటింగ్‌లో గట్టిగా వాదించడానికి ఆధారాలు లేవు. తిప్పితే పాడవుతుందా, ఆపితే పాడవుతుందా? తెలిసినవాళ్లు చెప్పండి.

పచ్చజెండా:
ముందు ఆ పొలం కొన్నాయనకి దండం పెట్టాలి. ఇలాంటివి రాత్రికి రాత్రే మాయమైపోవడం చూశాం. నా మాట అడిగితే రంగూ లైట్లూ తప్పేం కాదండీ. జనం ఆగి చూస్తేనే, ఫోటోలు దిగితేనే అది నాది అనుకుంటారు. అలా అనుకున్నప్పుడే విరాళాలు వస్తాయి, ఎవరైనా పాడుచేస్తే అడిగేవాళ్లుంటారు. తుప్పుపట్టిన టవర్‌ని చూసి ఎవరికీ ప్రేమ పుట్టదు. తిప్పడం సంగతి మాత్రం నాకు తెలియదు, తెలిసినవాళ్లు చెప్పాలి.

గేర్‌పెట్టె:
తోటబాట గారూ, ఇంకేం చేసినా చేయండి, వెల్డింగ్ మాట మాత్రం ఎవరినీ ఎత్తనివ్వకండి. ఎందుకో వివరంగా చెప్తాను, మీటింగ్‌లో పనికొస్తుంది.

ఈ గాలిమరల్లో చక్రం ఒక్కటే తిరగదు. చక్రం, గేర్లు, తోక అన్నీ కలిసిన తలభాగం మొత్తం టవర్ నెత్తిమీద గాలి ఎటు వీస్తే అటు తిరుగుతుంది. పైగా చక్రం ఇరుసుని టవర్ మధ్యగీతకి సరిగ్గా ఎదురుగా పెట్టరు, కొంచెం పక్కకి జరిపి పెడతారు. గాలి మరీ ఎక్కువైనప్పుడు ఆ ఒత్తిడికే చక్రం పక్కకి వాలి తోక వైపు మడుచుకుంటుంది, గాలికి అంచు మాత్రమే తగులుతుంది. గాలి తగ్గగానే స్ప్రింగ్ దాన్ని మళ్లీ ఎదురుకి లాగుతుంది. మనిషి లేకుండా తనని తాను కాపాడుకునే ఏర్పాటు ఇది. మీరు దాన్ని ఒక దిక్కుకి వెల్డ్ చేశారనుకోండి, తుఫాను గాలి ఎటునుంచి వచ్చినా తప్పుకునే దారి ఉండదు. రెక్కల మీద పడిన బలమంతా టవర్ కాళ్లకి చేరుతుంది. ఇన్నేళ్లు నిలబడిన టవర్ అలాంటి గాలికి ఒరిగితే ఆశ్చర్యం లేదు.

ఇంకోటి, ఆ టవర్‌కి జింకు పూత ఉంటుంది. జింకు పూత మీద వెల్డింగ్ చేస్తే వచ్చే పొగ పీలిస్తే చలిజ్వరం పట్టుకుంటుంది, వెల్డింగ్ చేసేవాళ్లని అడగండి చెప్తారు. పూత కాలిపోయిన చోట తుప్పు మొదలవుతుంది. తలభాగంలో పోత ఇనుము ఉంటుంది కాబట్టి అక్కడ వెల్డింగ్ నిలవదు, పగుళ్లిస్తుంది.

ఇప్పుడు నాకు కొన్ని వివరాలు కావాలి. చక్రం ఎన్ని అడుగులుంటుంది? గేర్ల పెట్టె పోత మీద అక్షరాలు, అంకెలు ఏమైనా ఉన్నాయా? మూత కింద ఆయిల్ ఉందా? టవర్ కాళ్లు నేలలోకి దిగే చోట మట్టి గోకి చూశారా? తొందరపడి ఎవరూ ఎక్కొద్దు, కింద నుంచే చూడండి, లేదా బకెట్ ఉన్న క్రేన్ దొరికితే అందులో అనుభవమున్న మనిషిని పంపండి.

తోటబాట:
గేర్‌పెట్టె గారూ, క్రేన్ దొరికింది, పైకెళ్లినాయన బోలెడన్ని ఫోటోలు తీశాడు. చక్రం అడ్డంగా సుమారు పదడుగులు. పోత మీద బీ అనే అక్షరం, పక్కన 702 అని ఉంది. మూత ఎత్తితే లోపల నల్లటి ఆయిల్ కొంచెం ఉంది, పుల్ల పెట్టి చూస్తే దాని అడుగున నీళ్లు. ఒక విషయం ఆయనే చూపించాడు: పెద్ద గేర్లకి ఆయిల్‌లో మునిగి ఉన్న పళ్లు ఇంకా మెరుస్తున్నాయి, ఆయిల్‌కి పైనున్న పళ్ల మీద మాత్రం ఎర్రటి తుప్పు పొర. రెండింటి మధ్య గీత గీసినట్టు తేడా తెలుస్తోంది. చక్రాన్ని చేత్తో నెడితే కొంచెం కదిలి కిర్రుమని ఆగిపోయిందట.

కాళ్ల దగ్గర మట్టి తీశాం. మూడు బాగున్నాయి. నాలుగో కాలు సిమెంటులోకి దిగే చోట పొరలు పొరలుగా రాలుతోంది.

పాతకాగితాలు:
బీ 702 అంటే ఏర్‌మోటార్ కంపెనీది, పదడుగుల సైజు. ఆ 702 మోడల్ 1933లో వచ్చింది, కొద్దికొద్ది మార్పులతో ఇప్పటికీ తయారవుతోంది. కంపెనీ ఇప్పుడు టెక్సస్‌లోని శాన్ ఏంజెలోలో ఉంది, విడిభాగాలు దొరుకుతాయి. ఇది మీకు పెద్ద అదృష్టం, పేరు తెలియని మోడల్ అయితే ప్రతి ముక్కా కొత్తగా చేయించుకోవాల్సి వచ్చేది.

కథ కూడా కొంచెం చెప్పాలనిపిస్తోంది, బోర్డు రాయించేటప్పుడు వాడుకోండి. గాలి దిక్కుకి తనంతట తానే తిరిగి, వేగాన్ని తానే అదుపు చేసుకునే నీళ్ల గాలిమరకి డేనియల్ హాలడే అనే ఆయన అమెరికాలో 1854లో పేటెంట్ తీసుకున్నాడు. అంతకుముందు గాలిమర అంటే ఎప్పుడూ పక్కన ఒక మనిషి ఉండాల్సిందే. హాలడే తర్వాత అది పశువుల మేత భూముల్లో ఒంటరిగా పనిచేయగలిగింది, ఆవిరి రైలింజన్లకి నీళ్లు తోడింది. అప్పట్లో రెక్కలు చెక్కవి. 1882, 83 ప్రాంతంలో థామస్ పెర్రీ అనే ఇంజినీరు 61 రకాల చక్రాల మీద 5,000కి పైగా పరీక్షలు చేసి, వంపు తిరిగిన ఉక్కు రెక్కలు చెక్క చక్రాల కంటే 87 శాతం మెరుగ్గా పనిచేస్తాయని తేల్చాడు. అతను పనిచేస్తున్న కంపెనీ ఆ డిజైన్‌ని తయారీకి తీసుకోలేదు. 1888లో అతను లావెర్న్ నోయిస్ అనే వ్యాపారితో కలిసి ఏర్‌మోటార్ మొదలుపెట్టాడు. మొదటి ఏడాది 45 అమ్ముడుపోయాయి, కొన్నేళ్లకే ఏడాదికి వేలల్లోకి వెళ్లింది. అంటే మీ మలుపులో నిలబడ్డ చక్రం వెనక అన్ని వేల పరీక్షలున్నాయి. దాన్ని ఆపేసి రంగు వేస్తామంటే నాకు నిజంగా బాధగా ఉంది.

కొత్తచిగురు:
చిన్న సందేహం అండీ. కరెంటు తీసే పెద్ద గాలిమరలకి మూడే రెక్కలుంటాయి కదా, దీనికి ఎందుకన్ని? తక్కువుంటే తేలిగ్గా ఉండేది కాదా?

గేర్‌పెట్టె:
మంచి ప్రశ్న. ఈ చక్రానికి 18 రెక్కలుంటాయి, లెక్కపెట్టి చూడండి. పంపు పని వేరు, జనరేటర్ పని వేరు. బోరులో పొడవాటి రాడ్ ఉంటుంది, దాని మీద నీటి బరువు ఉంటుంది, కాబట్టి ఆగి ఉన్న చక్రం కదలాలంటే మొదట్లోనే గట్టిగా తిప్పే బలం కావాలి. గాలి పడే జాగా అంతా రెక్కలతో నిండి ఉంటే చిన్న గాలికే ఆ బలం వస్తుంది. బదులుగా వేగం పోతుంది, రెక్క కొన దాదాపు గాలి వేగంతోనే తిరుగుతుంది. మూడు రెక్కలవాటి కొనలు గాలికి ఆరేడు రెట్ల వేగంతో పోతాయి, కరెంటుకి అది కావాలి. గాలిలో ఉన్న శక్తిలో 59.3 శాతానికి మించి ఏ చక్రమూ పిండలేదని ఆల్బర్ట్ బెట్జ్ 1919లో లెక్కగట్టాడు. మన పొలం చక్రం అందులో సగం దాకా అందుకుంటే గొప్పే, కానీ ఏళ్ల తరబడి ఏడాదికోసారి ఆయిల్ మార్చడం తప్ప ఇంకేమీ అడగదు.

గాలి వేగం రెట్టింపైతే శక్తి ఎనిమిది రెట్లవుతుంది. అందుకే పక్కకి మడుచుకునే ఏర్పాటు లేకపోతే ఇవి ఒక్క పెనుగాలికే విరిగిపోయేవి.

ఇక తోటబాట గారి ఫోటోల సంగతి. ఆ మెరుపు, ఆ తుప్పు గీత, మీ ప్రశ్నకి జవాబు అదే. తిరిగినప్పుడు పెద్ద గేర్లు కింద ఆయిల్‌లో మునిగి పైకి తీసుకెళ్తాయి, అన్ని పళ్లకీ బేరింగులకీ అందుతుంది. ఆగిపోతే మునిగిన భాగం తప్ప మిగతాదంతా ఎండిపోతుంది. బేరింగ్ మీద బరువంతా ఏళ్ల తరబడి ఒకే చోట పడి ఉంటుంది. కట్టేసిన గాలిమర భద్రంగా ఉందనుకుంటాం గానీ లోపల తుప్పు తన పని తాను చేసుకుపోతూనే ఉంటుంది. ఆ నీళ్లూ ఆయిలూ మొత్తం తీసి, కడిగి, కొత్తది పోయకుండా మాత్రం చక్రాన్ని తిప్పొద్దు.

తాడుముడి:
నేను ఎత్తుల మీద పనిచేసే మనిషిని. అందరూ తిప్పండి తిప్పండి అంటున్నారు కాబట్టి రెండో వైపు నేను చెప్తాను. ఊరి ఆస్తి అయ్యాక దాని కింద పిల్లలు ఆడుకుంటారు. నిచ్చెన కనపడితే ఎక్కేవాళ్లు ఎక్కుతారు. గాలి మారగానే ఆ తలభాగం ఒక్కసారిగా తిరుగుతుంది, పైన పలక మీద నిలబడ్డ మనిషిని తోక గానీ చక్రం గానీ తోసేస్తుంది. ఆ చెక్క పలక ఎండకీ వానకీ లోపల పుచ్చిపోయి పైకి బాగానే కనిపిస్తుంది, దాన్ని అసలు నమ్మొద్దు. ఒక్క రెక్క ఊడి పడినా ప్రాణం మీదకొస్తుంది. రోజూ చూసుకునే మనిషి లేకపోతే తిరిగే యంత్రం కంటే ఆగిన యంత్రమే మేలు. నేనైతే నాలుగో కాలు బాగయ్యేదాకా చక్రం ఊసే ఎత్తను.

గేర్‌పెట్టె:
తాడుముడి అన్న చెప్పిన చివరి మాట నూటికి నూరుపాళ్లు నిజం. కాలు ముందు. సిమెంటూ ఇనుమూ కలిసే చోట నీళ్లు నిలుస్తాయి, ఎక్కడైనా తుప్పు అక్కడే తింటుంది. పాత సిమెంటు పగలగొట్టి, కొత్త యాంగిల్ ముక్క బోల్టులతో జత చేసి, మళ్లీ పోసేటప్పుడు పైభాగం వాలుగా ఉంచాలి, నీళ్లు జారిపోవాలి. ఆ పని జరిగేటప్పుడు టవర్‌కి నాలుగు వైపులా తీగలు కట్టి ఉండాల్సిందే.

ఆపడానికి మాత్రం వెల్డింగ్ అక్కర్లేదు. టవర్ కాలి దగ్గర ఒక లివర్ ఉంటుంది, దాన్నుంచి పైదాకా తీగ ఉంటుంది. లాగితే తోక చక్రం పక్కకి మడుచుకుంటుంది, బ్రేకు పట్టీ బిగుసుకుంటుంది. అంటే ఆపి ఉంచే సదుపాయం అందులోనే ఉంది. తీగ తెగిపోయి ఉంటే కొత్తది వేసి లివర్‌కి తాళం పెట్టండి. తిప్పే రోజు తీస్తారు, మిగతా రోజులు మడిచి ఉంటుంది, తలభాగం మాత్రం గాలికి అటూఇటూ తిరుగుతూనే ఉంటుంది కాబట్టి టవర్‌కి ఇబ్బంది లేదు.

తాడుముడి:
అలా అయితే నాకు అభ్యంతరం లేదు. నిచ్చెనలో కింది భాగం మనిషికి అందనంత ఎత్తుదాకా ఊడదీయండి, విడిగా తాళమేసి దాచండి. పైకెవరు వెళ్లినా బ్రేకు వేశాక కూడా చక్రాన్ని తాడుతో టవర్‌కి కట్టాకే పనిచేయాలి, ఒంటికి రెండు తాళ్లుండాలి, గాలి ఉన్న రోజు ఎవరూ ఎక్కకూడదు.

పాతకాగితాలు:
కమిటీవాళ్లకి వేరే చోట్ల ఏం చేస్తున్నారో చెప్తే బాగుంటుంది. నెదర్లాండ్స్‌లో పాత గాలిమరలని తిప్పుతూ ఉండటమే వాటిని కాపాడే పద్ధతి అనుకుంటారు. అందుకోసం 1972లో స్వచ్ఛందంగా మిల్లు నడిపేవాళ్ల సంఘం పెట్టుకున్నారు, జనానికి శిక్షణ ఇస్తారు. గాలిమర నడిపే ఆ విద్యని యునెస్కో 2017లో వారసత్వంగా గుర్తించింది. కిండర్‌డైక్‌లోని 19 గాలిమరలు 1997 నుంచే ప్రపంచ వారసత్వ జాబితాలో ఉన్నాయి. అవి గుడ్డ తెరచాపలు కట్టే పెద్దవి, మన పొలం గాలిమర జాతి వేరు, కానీ యంత్రాన్ని యంత్రంగానే ఉంచాలన్న పట్టుదల ఒకటే.

పొలం గాలిమరలకి విడిగా మ్యూజియాలు కూడా ఉన్నాయి. టెక్సస్‌లో లబక్, దక్షిణాఫ్రికాలో లోరీస్‌ఫోంటైన్, ఆస్ట్రేలియాలో పెనాంగ్. పెనాంగ్‌లో 35 అడుగుల చక్రం ఉన్న ఒకదానికి బ్రూస్ అని ముద్దుపేరు పెట్టుకున్నారు. ఒకప్పుడు అరడజను గాలిమరల కంపెనీలుండే ఇల్లినాయ్‌లోని బటేవియా పట్టణం అక్కడ తయారైనవాటిని వెతికి తెచ్చి నది ఒడ్డున నిలబెట్టుకుంది.

ఆస్ట్రేలియావాళ్ల బర్రా చార్టర్ అని 1979లో వచ్చింది, పాత కట్టడాల విషయంలో అవసరమైనంత చేయండి, మిగతాది వీలైనంత తక్కువ మార్చండి అన్నది దాని సారం. మీ రంగు గొడవకి కూడా అదే జవాబు.

పచ్చజెండా:
అంటే రంగు అసలు వద్దంటారా? తుప్పు అలాగే వదిలేయాలా? ఊళ్లో సగం మందికి అదే కావాలి, కొంతైనా వాళ్ల మాట ఉండాలి కదా.

గేర్‌పెట్టె:
బూడిదరంగులో మసకగా కనిపించేదంతా జింకు, అది ఇంకా కాపలా కాస్తూనే ఉంది. ఇసుకతో కొట్టి గానీ వైరు బ్రష్షుతో గానీ దాన్ని లేపేస్తే ఉన్న రక్షణ మీ చేత్తో మీరే తీసినట్టు. పైగా జింకు మీద మామూలు పెయింట్ వేస్తే నిలవదు, కొన్నాళ్లకి పొరలుగా లేచి ఇంకా అసహ్యంగా ఉంటుంది. జింకు పోయి ఎర్రబడిన చోట్ల మాత్రం శుభ్రం చేసి, జింకు ఎక్కువుండే ప్రైమర్ వేయండి చాలు. పాత ఎర్ర ప్రైమర్ కనపడితే పొడిగా రుద్దొద్దు, సీసం ఉండొచ్చు.

లైట్లు పెట్టుకోండి, కానీ టవర్‌కి రంధ్రాలు చేయకుండా నేలమీద పెట్టి పైకి వెలుగు పడేలా. పిడుగు కోసం ఎర్తింగ్ కూడా అప్పుడే చేయించండి, ఆ చుట్టుపక్కల అంతకంటే ఎత్తైనది ఉండదు.

పాతకాగితాలు:
తోక మీద కంపెనీ పేరు ఉండాలి. ఎండ ఏటవాలుగా పడే వేళ ఫోటో తీయండి. రంగు పోయినా అక్షరాలున్న చోట రేకు కొంచెం వేరుగా కనిపిస్తుంది, ఎందుకంటే ఆ రంగు ఉన్నన్నాళ్లూ కింది జింకుని ఎండావానల నుంచి కాపాడింది. దాని మీద కొత్త అక్షరాలు రాయించొద్దు, కావాలంటే బోర్డు మీద బొమ్మ వేయించండి.

తోటబాట:
సాయంత్రం తీసిన ఫోటోలో నిజంగానే కనిపించింది! ఇంగ్లీషు ఏ, ఆర్ అక్షరాలు తేలిగ్గా చదవగలుగుతున్నాం, చివరి అక్షరాలు లీలగా ఉన్నాయి. తోక నిండా బుల్లెట్ల రంధ్రాలు కూడా ఉన్నాయి, ఎవరో గురి చూసి కాల్చినట్టున్నారు. వాటిని పూడ్చాలా?

పాతకాగితాలు:
వదిలేయండి. పాత తోకల్లో చాలావాటికి ఉంటాయి, అదీ దాని బతుకులో భాగమే. అంచు నుంచి చీలిక పెరుగుతుంటే మాత్రం ఆపాలి. గేర్ల పెట్టెకి తగిలిందేమో చూడండి, అక్కడుంటే ఆయిల్ నిలవదు.

మలుపురాయి:
నేనూ అదే ఊరివాణ్ణే. ఇంత ఖర్చు పెట్టేటప్పుడు దాన్ని తీసుకొచ్చి సెంటర్లో పెడితే అందరూ చూస్తారు కదా, మలుపులో ఎవరు ఆగుతారు అని కొందరంటున్నారు. మీరేమంటారు?

చేదబావి:
వద్దండీ, దయచేసి. అది అక్కడ ఎందుకుంది? అక్కడ నీళ్లున్నాయి కాబట్టి, చుట్టూ గాలికి అడ్డం లేదు కాబట్టి. మేడల మధ్య పెడితే గాలి సుడులు తిరిగి తలభాగం అటూఇటూ కొట్టుకుంటుంది, పనీ చేయదు, తొందరగా అరుగుతుంది. నీళ్లు లేని చోటికి తీసుకెళ్తే అది ఉత్త స్తంభమే. మలుపులో బళ్లు ఆపుకునే జాగా కొంచెం చేయించండి, చాలు.

అసలు మాట ఇంకోటి ఉంది. తిప్పుతామంటున్నారు గానీ పంపు సంగతి ఎవరూ ఎత్తలేదు. రాడ్ విప్పేసి చక్రాన్ని ఖాళీగా తిరగనిస్తే బరువు లేక అతి వేగంగా తిరుగుతుంది, గేర్లు త్వరగా అరిగిపోతాయి. దానికి పని ఉండాల్సిందే. పాత బావి పూడిపోయి ఉంటే దాన్ని గట్టి మూతతో మూసేయండి. టవర్ కింద ఒక తొట్టి కట్టి, పంపు సిలిండర్‌ని అందులో దించి, రాడ్‌కి తగిలించండి. నీళ్లు పైపులో పైకెక్కి మళ్లీ అదే తొట్టిలో పడతాయి. చక్రం మూడుసార్లు పైచిలుకు తిరిగితే రాడ్ ఒకసారి పైకీ కిందికీ వెళ్తుంది, పిల్లలు లెక్కపెట్టుకుంటారు. పైపు ఎంత ఎత్తుకి పెడితే చక్రానికి అంత బరువు, దాన్ని బట్టి సర్దుకోవచ్చు. పంపులో తోలు వాషర్లుంటాయి, అవి ఎండితే ముడుచుకుపోయి నీళ్లు ఎత్తవు, అందుకని తొట్టి ఎప్పుడూ ఖాళీగా ఉండకూడదు.

తోటబాట:
చేదబావి గారూ, ఇది మీటింగ్‌లో చెప్పగానే వెల్డింగ్ అన్నవాళ్లే తొట్టి ఎక్కడ కడదామని మాట్లాడుకున్నారు. నిన్నటి తీర్మానం ఇది: వెల్డింగ్ లేదు, వెండిరంగు లేదు, ముందు నాలుగో కాలు, తర్వాత గేర్ల పెట్టె కడిగి ఆయిల్, తీగా లివరూ బ్రేకూ, చివర తొట్టీ పంపూ. పచ్చజెండా గారు చెప్పిన లైట్లకి ఒప్పుకున్నారు, నేలమీదే. లివర్ తాళం ఇద్దరి దగ్గర ఉంటుంది, ఆదివారం పొద్దున గాలి మితంగా ఉంటే తిప్పుతారు, ఎవరో ఒకరు పక్కనే ఉంటారు. మలుపురాయి, నువ్వు ఆ ఇద్దరిలో ఒకడివి, పేరు రాసేశారు.

పాత పంపు సిలిండర్ కొట్టంలో దొరికింది, ఇత్తడిది, లోపల గీతలేం లేవు. తోలు వాషర్లు మాత్రం గట్టిపడి విరిగిపోతున్నాయి. కొత్తవి ఏ సైజు తెప్పించాలి?

మలుపురాయి:
సంతోషంగా చేస్తాను. సెంటర్ గురించి అడిగినవాళ్లకి కూడా చేదబావి గారి మాటలే చదివి వినిపిస్తాను.

గేర్‌పెట్టె:
సైజు పాత వాషర్ని కొలిచి చెప్పొద్దు, అది కుంచించుకుపోయి ఉంటుంది. సిలిండర్ లోపలి వ్యాసం పైన, మధ్యలో, కింద మూడు చోట్ల కొలవండి, తేడా ఉంటే ఆ మూడూ రాయండి. కొత్త తోలుని బిగించే ముందు నూనెలో బాగా నానబెట్టాలి. అడుగున ఉండే కవాటం విప్పి దాని కూర్చునే అంచు ఫోటో ఒకటి పెట్టండి, అది కారుతుంటే వాషర్లు ఎంత కొత్తవైనా నీళ్లు పైకి రావు.